సూది పట్టిన చేతికే డిజైన్ పగ్గాలు

గుజరాత్‌లోని కచ్ జిల్లా సుమ్రాసర్‌లో సూఫ్ పని కుట్టే ఆడవాళ్లు గుడ్డ మీద గీత గీయరు, అచ్చు వేయరు. నేతలోని పోగులు లెక్కపెట్టుకుంటూ కుడతారు. అదీ గుడ్డ వెనకవైపు నుంచి! ముందువైపు చిన్న చిన్న త్రికోణాలు కలిసి పువ్వులూ నెమళ్లూ అవుతాయి. ఒక్క పోగు తప్పినా వరస మొత్తం పక్కకు జరిగిపోతుంది. నమూనా కాగితం ఉండదు, అంతా బుర్రలోనే. ఇంత లెక్క తెలిసిన మనిషికి మార్కెట్ పెట్టిన పేరు మాత్రం 'లేబర్'. రంగులు ఎవరో చెబుతారు, బొమ్మ ఎక్కడ రావాలో ఎవరో గుర్తు పెడతారు, పీసుకు ఇంతని కూలి కడతారు. లేబుల్ మీద పేరు ఆమెది కాదు.

ఈ కుటుంబాల్లో చాలామంది 1971 యుద్ధం తర్వాత సింధ్‌లోని థార్‌పార్కర్ నుంచి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు. వాళ్లకు కుట్టుపని అంటే కూతురి పెళ్లి సారె. దానికి ధర కట్టాలన్న ఆలోచనే లేదు. కచ్‌లో ఆ ఆలోచనకు బాట వేసింది కరువు. 1969లో ధనేటి గ్రామానికి వెళ్లిన చందాబెన్ ష్రాఫ్, ఉచితంగా పెట్టే తిండి వద్దన్న ఆడవాళ్లకు కుట్టుపని అప్పగించారు. అలా 'సృజన్' పుట్టింది. తర్వాత సంస్థలొచ్చాయి, వ్యాపారులొచ్చారు. పొట్ట గడిచింది. కానీ చాలాచోట్ల డిజైన్ పట్నం నుంచే వచ్చేది.

కచ్‌లోని రబారీ తెగ ఆడవాళ్ల కుట్టుపని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసిన అమెరికన్ జూడీ ఫ్రేటర్‌కు ఇదే నచ్చలేదు. 1993లో సుమ్రాసర్‌లో కళారక్ష ట్రస్టు ఏర్పాటులో పాలుపంచుకున్న ఆమె, 2005లో 'కళారక్ష విద్యాలయ'ను మొదలుపెట్టారు. కుట్టడం నేర్పే బడి కాదది. కుట్టడం వచ్చినవాళ్లకు డిజైన్ నేర్పే బడి. ఏడాదిలో ఆరు విడతలు, ఒక్కో విడత రెండు వారాలు. ముందు రంగులు, తర్వాత డిజైన్ మౌలిక సూత్రాలు, ఆపైన మార్కెట్, కలెక్షన్, ఫినిషింగ్, చివరికి సరుకును కొనేవాళ్ల ముందు పెట్టి దాని గురించి నాలుగు మాటలు చెప్పడం. విడతకూ విడతకూ మధ్య ఇంటికెళ్లి హోంవర్క్ చేయాలి. పిల్లలు, పశువులు, పొలం ఉన్న ఇల్లాలికి ఇంతకంటే కుదిరే పద్ధతి నాకైతే తోచడం లేదు. చదవడం, రాయడం రాకపోయినా చేరవచ్చు. 2014 నుంచి ఆదిపూర్‌లోని సోమయ్య కళా విద్యలో ఆమె ఇదే చదువును కొనసాగించారు.

ఈ ఆడవాళ్లకు సృజన ఒకరు నేర్పాలా అంటారా? అక్కర్లేదు. 1995లో రబారీల్లో ఒక శాఖ అయిన ఢేబరియాల కులపెద్దలు, చేతి కుట్టుపని ఉన్న బట్టల వాడకాన్నే నిషేధించారు. సారె కుట్టడం పూర్తయ్యేదాకా ఆడపిల్ల అత్తారింటికి వెళ్లకుండా ఉండిపోతోందన్నది వాళ్ల బాధ. ఆడవాళ్లు ఊరుకున్నారా? బజారులో దొరికే రిబ్బన్లు, లేసులు బట్టకు అతికించి కొత్త పని తెచ్చారు. దానికి 'హరి జరి' అని పేరు. భద్రోయి గ్రామానికి చెందిన పాబీబెన్ రబారీ ఆ పనితోనే బ్యాగులు చేసి, సొంత పేరుతో వ్యాపారం నిలబెట్టారు. బడి ఇచ్చేది సృజన కాదు, దాన్ని ధరగా మార్చుకునే తెలివి.

అలాగని డిజైన్ కోర్సు ఒక్కటే గట్టెక్కిస్తుందనుకోవడమూ పొరపాటే. నేతగాడికి మగ్గం ఉంటుంది, పెట్టుబడి ఉంటుంది, కొనేవాళ్ల ఫోన్ నంబర్లు ఉంటాయి. కుట్టుపని చేసే ఇల్లాలికి అవేవీ ఉండవు. నెలల తరబడి కుట్టిన దాని పక్కనే మిషన్ కుట్టు చవగ్గా వేలాడుతుంటుంది. చదువుతో పాటు అప్పు పుట్టాలి, బజారు దొరకాలి.

మన దగ్గర? తెలంగాణ తండాల్లో అద్దాలు, గవ్వలు కుట్టే చేతులు ఇంకా ఉన్నాయి. పాత లంబాడీ పేటియాల (లంగాల) ముక్కలు కత్తిరించి కుషన్ కవర్లు కుట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ పేటియా కుట్టిన అవ్వ మనవరాలిని డిజైనర్‌ని చేసే బడి పెడితే గిరిజన సంక్షేమ శాఖకు తలకు మించిన భారమేమీ కాదు. కచ్ చూపించిన పద్ధతి ఉండనే ఉంది, కాపీ కొట్టినా తప్పులేదు.

ఇక మగ్గం వర్క్ సంగతి. ఊరూరా బొటిక్‌లే. చెక్క చట్రానికి బిగించిన గుడ్డ మీద ఆరీ సూదితో గంటలకొద్దీ వంగి కూర్చునే కారిగర్‌కు దక్కేది మాత్రం కూలే. ఈసారి పెళ్లి జాకెట్టు కుట్టించుకునేటప్పుడు ఫోన్‌లో ఫొటో చూపించే ముందు, "మీరైతే ఏం వేస్తారు?" అని అతన్ని ఒక్కసారి అడగండి. అతను వేసింది నచ్చితే కుట్టుకూలితో పాటు డిజైన్‌కూ విడిగా డబ్బు కట్టండి.