పాట ఆగినచోట పలికిన తీగ

వడ్డాణమును మెడకును, హారమును నడుమునకును తగిలించుకొన్నవారిని చూచి లోకము నవ్వును. ఏ యలంకారమైనను తగినచోట నున్ననే శోభించును. 11వ శతాబ్దమున కాశ్మీరదేశమునందు వెలసిన క్షేమేంద్రుడు ఈ తగుటకే ఔచిత్యమని పేరు పెట్టి, కావ్యమునకు అదియే ప్రాణమని నిర్ణయించెను. ఈ సూత్రము కావ్యములకే పరిమితము కాదు. మనకు మిక్కిలి దూరమని తోచు నొక సంగీతమునకును దీనిని అన్వయించి చూడవచ్చును. అది 1987 మొదలు 1990 వరకు అమెరికాలో ఉవ్వెత్తున లేచిన రాక్, మెటల్ సంగీతము.

ఆ పేరు వినగానే పెద్దలు చెవులు మూసికొందురు. పిల్లలు దాని వేగమునకు ముగ్ధులగుదురు. ఇరువురును చేయు పొరపాటు ఒక్కటియే యని నా తలంపు. పెద్దలు చప్పుడును మాత్రమే వినుచున్నారు. పిల్లలు వేగమును మాత్రమే లెక్కించుచున్నారు. ఆ చప్పుడు, ఆ వేగము పాటలో ఏ పని చేయుచున్నవని ఇరువురును అడుగుటలేదు.

పాట నడుమ గాయకుడు ఆగి, గిటారు వాద్యకారుడు కొంతసేపు తానొక్కడే ప్రధానముగా వాయించుటను 'సోలో' అందురు. మన కచేరిలోని కల్పనస్వరములు దీనికి కొంత దగ్గర. అయితే రికార్డుపై ఒకసారి నిలిచిన సోలో పాటలో మరియొక చరణమువలె స్థిరపడిపోవును. శ్రోతలు దానిని మాటలవలెనే కంఠస్థము చేయుదురు. విద్యుత్ గిటారు ధ్వనిని యాంప్లిఫయరు పెంచి, కరకుదనము చేర్చుటచే స్వరము చాలసేపు నిలుచును. తీగను ప్రక్కకు లాగి స్వరమును పైకెత్తుదురు. వీణపై గమకము నెరిగినవారికి ఇది వింత కాదు. కుడిచేతి వ్రేళ్లతోగూడ తీగను మెట్లపై కొట్టి పలికించు పద్ధతికి 'ట్యాపింగ్' అని పేరు. 1978లో ఎడ్డీ వాన్ హేలెన్ 'ఎరప్షన్' అను రచనతో దానిని లోకమునకు పరిచయము చేసెను. అటుపై వేగము పందెముగా మారెను. ఆ పందెమునకు లొంగని సోలోలే నేటికిని నిలిచియున్నవి.

'గన్స్ ఎన్ రోజెస్' బృందము 1987లో వెలువరించిన తొలి ఆల్బములో 'స్వీట్ చైల్డ్ ఓ మైన్' అను ప్రేమగీతము కలదు. 1988 సెప్టెంబరులో అది అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో ప్రథమస్థానము నందెను. దాని యారంభమున వినవచ్చు స్వరవరుసను గిటారు వాద్యకారుడు స్లాష్ మొదట వ్రేళ్ల యభ్యాసమువలె, వేళాకోళముగా వాయించినాడట! సోలో మాత్రము వేళాకోళము కాదు. అంతవరకు వెలుగుతో నడచిన పాట అచ్చట విషాదచ్ఛాయగల స్వరశ్రేణిలోనికి దిగును. తొలిభాగము గొంతెత్తి పాడుకొనదగినంత నెమ్మది. పిదప వాద్యకారుడు 'వా' పెడలును పాదముతో కదలించుచుండగా, నోరు తెరచి మూసినట్లు తీగ పలుకుచు పైస్థాయికి పోవును. ప్రేమించినవాని మాటలలోనికి రాని బెంగ ఇచ్చట బయటపడును. గాయకుడు తిరిగివచ్చి, జవాబు దొరకని ప్రశ్నను మరల మరల పాడుట అందుచేతనే సహజముగా తోచును.

'మెటాలికా' బృందము 1988లో వెలువరించిన 'వన్' దీనికంటె గంభీరమైనది. డాల్టన్ ట్రంబో 1939లో ప్రకటించిన 'జానీ గాట్ హిజ్ గన్' అను నవల దానికి ప్రేరణ. మొదటి ప్రపంచయుద్ధమున ఒక సైనికుడు కాలుసేతులను, చూపును, వినికిడిని, మాటను కోల్పోవును. మనస్సు మాత్రము మేలుకొనియుండును. తలను దిండుపై కొట్టుచు మోర్స్ సంకేతములు పంపుటయే అతనికి మిగిలిన భాష. పాట మెల్లగా మొదలై, క్రమముగా మరతుపాకి మ్రోతవంటి డ్రమ్ముల లయలోనికి ప్రవేశించును. గాయకుని మాటలు ముగిసిన పిమ్మట కిర్క్ హామెట్ ట్యాపింగుతో సోలో ఆరంభించును. మాట పోయినవాని కథలో, మాట ఆగినచోట, వ్రేలిదెబ్బలతో తీగ పలుకుట! అది తలచి చేసినదో, తానై యమరినదో గాని, ఔచిత్యమునకు ఇంతకుమించిన యుదాహరణము అరుదు. ఇచ్చట వేగము ఆభరణము కాదు, ఆక్రందనము.

ఈ హామెట్‌నకు గురువు జో సాట్రియాని. 1970 సెప్టెంబరు 18న జిమీ హెండ్రిక్స్ మరణవార్త విన్ననాడే ఈ పదునాలుగేండ్ల బాలుడు ఫుట్‌బాల్ విడిచి గిటారు పట్టెను. న్యూయార్కు సమీపమందలి లాంగ్ ఐలండులో స్టీవ్ వై అతనియొద్ద నేర్చెను. పిదప కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హామెట్ నేర్చెను. 1987లో గురువు స్వయముగా, గాయకుడు లేకయే, 'సర్ఫింగ్ విత్ ది ఏలియన్' అను ఆల్బమును వెలువరించెను. అందు మెరుపువేగముగల రచనలతోపాటు 'ఆల్వేస్ విత్ మీ, ఆల్వేస్ విత్ యు' అను మృదువైన ప్రేమగీతమును కలదు. ఉపాధ్యాయులు గమనింపదగిన సంగతి మరియొకటి: ఈ శిష్యులిరువురిలో ఒకని వాద్యము మరియొకనివలె నుండదు, ఇరువురిదియు గురువువలె నుండదు. విద్య యిచ్చి స్వరమును వారికే విడిచిన గురువతడు.

వేగమే కళయైనచో, వేగము పోయిననాడు కళయు పోవలెను గదా! ఈ ప్రశ్నకు జేసన్ బెకర్ జీవితమే సమాధానము. 1969లో జన్మించిన యతడు ఇరువదేండ్లు నిండకమునుపే, 1988లో, 'పర్పెచ్యువల్ బర్న్' అను ఆల్బముతో ఆనాటి వేగవంతులలో అగ్రశ్రేణి నందెను. స్టీవ్ వై విడిచిన స్థానమున డేవిడ్ లీ రాత్ బృందమునకు ఎన్నికయయ్యెను. అంతలో కండరములను నడపు నాడీకణములు నశించు ఏ.ఎల్.ఎస్. వ్యాధి బయటపడెను. క్రమముగా చేతులు పడిపోయెను, మాటయు పోయెను. కంటి కదలికలతో అక్షరములను సూచించు పద్ధతిని తండ్రి కల్పించెను. ఆ కన్నులతోడను, కంప్యూటరు సాయముతోడను అతడు స్వరరచన సాగించెను. 1996లో 'పర్‌స్పెక్టివ్', 2018లో 'ట్రయంఫంట్ హార్ట్స్' వెలువడినవి. 'వన్' పాటలోని సైనికునకు కల్పనలో కలిగిన స్థితి ఇతనికి నిజముగా ప్రాప్తించెను. అయినను సంగీతము ఆగలేదు. అది వ్రేళ్లలో మాత్రమే యున్నచో ఆగియుండెడిది.

కావున, పిల్లవాడు చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకొని తల యూపుచుండగా కసరుకొనుటకు ముందు, ఒక ప్రశ్న వేయుడు. వాద్యకారుడు ఎంత వేగముగా వాయించెనని కాదు. పాట అచ్చట ఎందుకాగెను, మాట చెప్పలేనిదేమి తీగ చెప్పెనని. అతడు జవాబు వెదకుటకు మరియొకసారి విన్నచో, ఔచిత్యవిచారమున తొలిపాఠము పూర్తియైనట్లే.