నిలవ డీజిలు – పాలకు చేటు

పాలు నిలవ ఉంటే విరిగిపోతాయని పాడిరైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే పెట్రోలు, డీజిలు కూడా నిలవ ఉంటే చెడిపోతాయన్న సంగతి మనలో చాలామంది గమనించరు. ట్యాంకులో పోసినది పోసినట్లే ఉంటుందని అనుకుంటాము. అది పొరపాటు.

2020వ సంవత్సరంలో ఈ సంగతి హైదరాబాదులో పలువురికి అనుభవంలోకి వచ్చింది. మన సభ్యుల పిల్లలు ఎందరో హైటెక్ సిటీ, మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల కంప్యూటర్ కంపెనీలలో ఉద్యోగాలు చేస్తున్నారు. ఆ ఏడాది మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ విధించడంతో ఇంటి నుంచే పని చేయవలసి వచ్చింది. చాలామంది స్వగ్రామాలకు చేరుకున్నారు. వారి కార్లు, మోటారు సైకిళ్ళు అపార్టుమెంట్ల సెల్లార్లలో నెలల తరబడి కదలకుండా ఉండిపోయాయి. తిరిగి వెళ్ళి తాళం తిప్పితే కొన్నింటికి బ్యాటరీ దిగిపోయి ఉంది, మరికొన్నింటికి నిలవ పెట్రోలు అడ్డుపడింది.

సెల్లారులో బండి కదలకపోతే ఆటో ఎక్కి వెళ్ళవచ్చు. కానీ మన పాల శీతల కేంద్రంలో జనరేటరు కదలకపోతే? ఊరంతా పోసిన సాయంత్రపు పాలు తెల్లవారేసరికి పులిసిపోతాయి. అందుకే ఈ విషయం సంఘ సభ్యులందరూ తెలుసుకోవలసి ఉన్నది.

కరెంటు కోతలు తగ్గితే ఈ ప్రమాదం తగ్గుతుందని అనుకోరాదు. కోతలు ఎక్కువగా ఉన్న రోజులలో జనరేటరు తరచు నడిచేది, డీజిలు ఎప్పటికప్పుడు ఖర్చయ్యేది. ఇప్పుడు నెలల తరబడి దానికి పని ఉండదు. ట్యాంకులోని డీజిలు అలాగే పాతబడుతుంది. వేసవిలో గాలివాన వచ్చి స్తంభాలు కూలిన రాత్రి మనకు దానితో పని పడుతుంది.

ఇంధనం ఎందుకు చెడుతుంది?

పెట్రోలులో తేలికపాటి భాగాలు, బరువైన భాగాలు కలిసి ఉంటాయి. నిలవ ఉన్నప్పుడు తేలికవి ముందుగా ఆవిరైపోతాయి. ఇంజను సులువుగా అంటుకోవడానికి కావలసినవి అవే. మిగిలినది గాలి తగిలి క్రమంగా జిగురుగా మారి సన్నని రంధ్రాలను మూసివేస్తుంది. ఇప్పుడు మన దేశంలో పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాలు కలుపుతున్నారు. చెరకు, ధాన్యాల నుంచి తీసే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరు, ఇథనాలు కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరుతాయి. ఇంజనుకు ముందుగా అందేది ఆ అడుగు ద్రవమే.

డీజిలు అంత త్వరగా ఆవిరి కాదు. దానికి శత్రువు నీరు. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి తేమ గోడలకు పట్టి, చుక్కలుగా జారి అడుగున చేరుతుంది. నీరు, డీజిలు కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగట మడ్డి తయారవుతుంది. అది ఫిల్టరును మూసివేస్తుంది. ఇంజను అంటుకున్నట్లే అంటుకుని, లోడు పడగానే ఆగిపోతుంది.

గుర్తించడం ఎలా?

ట్యాంకు అడుగు నుంచి కొద్దిగా డీజిలు గాజు సీసాలోకి తీసి, మంటకు దూరంగా ఒక రాత్రి కదపకుండా ఉంచండి. వెలుతురులో తేటగా కనిపిస్తే మంచిదే. మబ్బుగా ఉన్నా, అడుగున నీటి పొర గాని నల్లని మడ్డి గాని కనిపించినా వాడరాదు. చెడిన పెట్రోలు రంగు ముదిరి, పాత వార్నిషు వాసన వేస్తుంది.

సంఘాలు తీసుకోవలసిన జాగ్రత్తలు

1. నెలకు ఒకసారైనా జనరేటరును అరగంట సేపు, కూలరు లోడు పెట్టి నడపండి. లోడు లేకుండా తిప్పితే ఇంజను తగినంత వేడెక్కదు, పొగచూరుతుంది.

2. ట్యాంకును దాదాపు నిండుగా ఉంచండి. ఖాళీ జాగా తగ్గితే తేమ తగ్గుతుంది.

3. ఫిల్టరు అడుగున చేరిన నీటిని తరచు వదిలివేయండి. వర్షాకాలంలో మరింత శ్రద్ధ అవసరం.

4. డీజిలు కొన్న తేదీని, జనరేటరు నడిపిన తేదీని రిజిస్టరులో రాయండి. ముందు కొన్నది ముందు వాడండి. ఆరు నెలలు దాటితే సీసా పరీక్ష తప్పనిసరి.

5. చెడిన డీజిలుపై కొత్తది పోస్తే కొత్తది కూడా చెడుతుంది. పాతది పూర్తిగా తీయించి, ట్యాంకు కడిగించి, ఫిల్టరు మార్పించి, గొట్టాలలోని గాలి తీయించిన తరువాతే నడపండి.

6. డీజిలును పాల క్యాన్లలో పోయరాదు, పాల గదిలో ఉంచరాదు. పాలు వాసనను ఇట్టే పట్టేస్తాయి. జింకు పూత పూసిన డబ్బాలు కూడా పనికిరావు.

7. తీసివేసిన ఇంధనాన్ని కాలువలో గాని, నేల మీద గాని పారబోయకండి. బావినీరు చెడుతుంది. పొయ్యి అంటించడానికి అసలే వాడకండి.

సొంత బండ్ల విషయం

అమెరికా వంటి దేశాలలో ఇంటి వలె అమర్చిన పెద్ద మోటారు బండ్లను చలికాలమంతా కదపకుండా నిలిపివేస్తారు. నిలిపే ముందే ట్యాంకు నింపి, పెట్రోలు చెడకుండా ఒక మందు కలిపి, అది గొట్టాలన్నిటికీ చేరేలా ఇంజనును కొద్దిసేపు నడుపుతారు. ఇక్కడ మన పిల్లలు బండి వదిలి చాలాకాలం ఊరికి వస్తే, ఇరుగుపొరుగు వారి చేత పదిహేను రోజులకు ఒకసారి కొంతదూరం నడిపించుకోవడం మేలు. నెలల తరబడి ఆగిన బండి ఒకటి రెండు సార్లకు అంటుకోకపోతే అదేపనిగా తాళం తిప్పకుండా మెకానిక్కును పిలిచి పాత పెట్రోలు తీయించాలి.

పాలను రెండు పూటలా పరీక్షించే మనకు డీజిలును నెలకొకసారి చూసుకోవడం బరువు కాదు. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఒక ప్రశ్న అడగండి: మన జనరేటరు చివరిసారి లోడుతో నడిచినది ఏ తేదీన?