బహిరంగ ప్రదేశములలో ధూమపానము

“పొగ త్రాగరాదు” అను బల్లను హైదరాబాదు నగరమునఁ జూడని బాలుఁడుండఁడు. ఆ బల్ల వెనుకనున్న చట్టమెట్టిదో మా చదువరులకుఁ గొంత తెలుపఁదలఁచితిమి.

2001వ సంవత్సరము నవంబరులో సుప్రీముకోర్టువారు ఆసుపత్రులు, పాఠశాలలు, గ్రంథాలయములు, రైళ్లు మొదలగు చోట్ల పొగ త్రాగుటను నిషేధించిరి. 2003లో పార్లమెంటు పొగాకును గూర్చి చట్టము చేసెను. 2008 అక్టోబరు 2వ తేదీన అమలునకు వచ్చిన నిబంధనలు పనిచేయు స్థలములను, సినిమాహాళ్లను గూడఁ జేర్చినవి. తప్పినవానికి 200 రూపాయలవఱకు జుల్మానా. త్రాగినవాఁడొక్కఁడే దోషి కాఁడు. ఫిర్యాదు వచ్చినను ఊరకున్న యజమాని, ఎందఱు త్రాగిరో అన్ని తప్పులకు జుల్మానా చెల్లింపవలయును. అచ్చట అగ్గిపెట్టెను, బూడిదపళ్లెమును ఉంచుటయుఁ గూడదు.

విమానాశ్రయములును, 30 గదులకుఁ దక్కువగాని హోటళ్లును, 30 మంది కూర్చుండఁదగిన భోజనశాలలును పొగకు వేఱు గది నేర్పఱచుకొనవచ్చును. ఆ గదిలో గాలి యొత్తిడి వెలుపలికన్నఁ దక్కువగా నుండవలెను. అప్పుడు తలుపు తెఱచినను బయటిగాలి లోనికిఁ బోవునే కాని పొగ వెలికి రాదు. భౌతికశాస్త్రము చదువు మా పై తరగతులవారి కిది చక్కని యుదాహరణము.

తెఱపి వీధి ఈ చట్టమునకు లోఁబడదు. బస్సు నిలుచు చోటు లోఁబడును. ఆ నియమము నెఱిఁగియో యెఱుఁగకయో, బల్లకే చేరగిలి చుట్ట కాల్చు పెద్దమనుష్యునొకని మేము చూచితిమి. “గాలిలోనే కదా” యని యాయన సమాధానము.

కలమువలెఁ గనఁబడు ఈ-సిగరెట్టు సంగతి వేఱు. బ్యాటరీచే నికొటిను ద్రవమును వేఁడిచేసి ఆవిరి పీల్పించు పరికరమిది. పొగ కాదు గదా యని పిల్లలు మోసపోవుచున్నారు. 2019వ సంవత్సరపు చట్టము దాని తయారీని, దిగుమతిని, విక్రయమును, ప్రకటనలను దేశమంతటను నిషేధించెను. మొదటి తప్పునకే సంవత్సరమువఱకు ఖైదు గాని, లక్ష రూపాయలవఱకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

ఇఁక తలిదండ్రులకొక మాట. పాఠశాల ప్రహరీనుండి 100 గజములలోపలఁ బొగాకు సరకుల నమ్మరాదు. 18 ఏండ్లు నిండనివానికి ఎచ్చటను అమ్మరాదు. నాన్న పంపెనన్నను అంగడివాని తప్పు తప్పే. గత వేసవిలో నొక బాలుఁడు చుట్టలకుఁ బంపఁబడి, అంగడివాఁడీయలేదని వట్టి చేతులతోఁ దిరిగి వచ్చెను. తండ్రి మొదటఁ గోపించెను. కొంతసేపటికిఁ జెప్పులు తొడిగికొని తానే బయలుదేఱెను.