పెన్సిలుకు పక్షపాతం లేదు

పిల్లలూ! మీ బడి జట్టు క్రికెట్ ఆడుతుంటే మీరేం చేస్తారు? బంతి గీత దాటితే కేకలు వేస్తారు. మనవాడు ఔటయితే ఉసూరుమంటారు. ఇంటికి వెళ్ళాక “ఎవరు గెలిచారురా?” అని నాన్నగారు అడిగితే వెంటనే చెబుతారు. కాని “మీవాళ్ళ మూడో వికెట్ ఎన్ని పరుగుల దగ్గర పడింది?” అని అడిగితే? నోరు వెళ్ళబెడతారు, అవునా?

ఇంగ్లండులో కౌంటీ ఆటలు చూడటానికి వచ్చే అభిమానుల్లో కొందరిని ఇదే ప్రశ్న అడగండి. ఠక్కున చెబుతారు. వాళ్ళ జ్ఞాపకశక్తి గొప్పదని కాదు. వాళ్ళ ఒళ్ళో ఒక స్కోరు పుస్తకం, చేతిలో ఒక పెన్సిలు ఉంటాయి. జరిగిన ప్రతి బంతినీ అప్పటికప్పుడు రాసుకుంటారు.

ఆటకూ సైన్సు పత్రికకూ ఏమిటి సంబంధం అంటారా? ఆ పుస్తకం నిజానికి ఒక ప్రయోగశాల నోటుపుస్తకం లాంటిదే. ఎలాగో చూద్దాం.

కౌంటీ అంటే?

కౌంటీ అంటే మన జిల్లా లాంటి ప్రాంతం. ఒక్కొక్క కౌంటీకి ఒక్కొక్క జట్టు. ఈ జట్ల మధ్య కౌంటీ ఛాంపియన్‌షిప్ అనే పోటీ 1890లో అధికారికంగా మొదలయింది. ఇప్పుడు అందులో 18 జట్లున్నాయి. ఒక్కొక్క ఆట నాలుగు రోజులు సాగుతుంది. ఫ్లాస్కులో టీ, చలికి ఒక కోటు, వానకు ఒక గొడుగు – వీటితో వచ్చి అభిమానులు తీరిగ్గా కూర్చుంటారు. ఒక గంటలో తేలిపోయే ఆట కాదు గదా!

చుక్కల భాష

స్కోరు పుస్తకంలో రాసే పద్ధతి చాలా సులభం. బంతికి పరుగు రాకపోతే ఒక చుక్క. రెండు పరుగులు వస్తే 2. ఓవరులో ఆరు బంతులకూ ఒక్క పరుగూ ఇవ్వకపోతే ఆరు చుక్కలు పడతాయి. వాటిని గీతలతో కలిపితే ఇంగ్లీషు ‘ఎమ్’ అక్షరం వస్తుంది. అదే మెయిడెన్ ఓవరు.

అసలు కిటుకు మరొకటి ఉంది. బ్యాట్స్‌మన్ రెండు పరుగులు తీశాడనుకోండి. ఆ రెండునూ ఒకచోట రాస్తే చాలదు. బ్యాట్స్‌మన్ పేరు ఎదుట ఒకసారి, బౌలరు పేరు ఎదుట ఒకసారి రాయాలి. జట్టు మొత్తంలోనూ రెండు అంకెలు కొట్టేయాలి. బంతి బ్యాటుకు తగలకుండా పరుగు వస్తే దాన్ని బై అంటారు. కాలికో ఒంటికో తగిలి వస్తే లెగ్‌బై. ఇవి బ్యాట్స్‌మన్‌కూ చెందవు, బౌలరుకూ చెందవు. వీటికి వేరే గడి ఉంటుంది.

ఒకే సంగతిని ఇన్నిసార్లు రాయటం దండగ కాదా? కాదు. తప్పును పట్టుకునే వల అది. నిజంగా జరిగిన ఒక ఆటతో పరీక్షించి చూద్దాం.

15కే ఆలౌట్!

1922 జూన్ 14. బర్మింగ్‌హామ్ నగరంలోని ఎడ్జ్‌బాస్టన్ మైదానం. వార్విక్‌షైర్, హాంప్‌షైర్ కౌంటీల మధ్య ఆట. వార్విక్‌షైర్ 223 పరుగులు చేసింది. తర్వాత బ్యాటింగుకు దిగిన హాంప్‌షైర్ 15 పరుగులకే కుప్పకూలింది! ఎనిమిది మంది సున్నాలు చుట్టారు. ఇన్నింగ్స్ మొత్తం 53 బంతుల్లో ముగిసిపోయింది.

ఆ లెక్కను రెండు వైపుల నుంచీ సరిచూద్దాం.

బ్యాటింగు వైపు: మీడ్ 6, కెప్టెన్ టెన్నిసన్ 4, షర్లీ 1. మొత్తం 11. బైలు 4. కూడితే 15.

బౌలింగు వైపు: హోవెల్ ఇచ్చినవి 7, కాల్తార్ప్ ఇచ్చినవి 4. మొత్తం 11. బైలు 4. కూడితే 15.

వికెట్లు: హోవెల్‌కు 6, కాల్తార్ప్‌కు 4. మొత్తం 10.

చూశారా! రెండు దారుల్లో వెళ్ళినా ఒకే ఊరు చేరాం. ఆ రోజు మైదానంలో మనం ఎవరమూ లేము. అయినా వంద సంవత్సరాల తర్వాత కూర్చుని ఈ లెక్క సరిపోయిందని చెప్పగలుగుతున్నాం. మంచి రికార్డు లక్షణం అదే.

ఒక్క పరుగు ఎక్కడికి పోయింది?

మా బడిలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పక్క ఊరి బడి జట్టుతో ఆట. మా పిల్లవాడొకడు స్కోరు రాశాడు. మా కెప్టెన్ 50 పరుగులు చేశాడని సంబరం. లెక్క సరిచూద్దామని నేను కూర్చున్నాను. ఆ ఆటలో వైడ్లు, నోబాల్‌లు ఏమీ లేవు. బ్యాటింగు వైపు పరుగులు 112, బైలు 6, మొత్తం 118. బౌలింగు వైపు చూస్తే పరుగులు 111, బైలు 6, మొత్తం 117. ఒక పరుగు తేడా!

పిల్లవాణ్ణి గద్దించలేదు. “ఒకసారి ఓవరు ఓవరూ చూసుకుందామా?” అన్నాను. వాడు తల వంచుకున్నాడు. కెప్టెన్ 49 మీద ఉన్నప్పుడు వచ్చిన ఒక లెగ్‌బైని వాడు కెప్టెన్ పేరున రాసేశాడు. బౌలరు గడిలో మాత్రం అలవాటు కొద్దీ చుక్కే పెట్టాడు. చెయ్యి ఒకచోట అభిమానంతో రాసింది, రెండోచోట నిజం రాసింది! ఆ తర్వాత బంతికే కెప్టెన్ ఔటయ్యాడు. “అది నా కాలికి తగిలిందండీ, బ్యాటుకు కాదు. 49 అనే రాయండి మాస్టారూ!” అన్నాడు కెప్టెన్ కూడా.

అభిమానం ఉండటం తప్పు కాదు. మన జట్టు గెలవాలని కోరుకుంటూనే, మన జట్టు ఓడిపోతున్నదని సరిగ్గా రాయగలగాలి. ప్రయోగం చేసేవాడికీ ఇదే కష్టం. తను అనుకున్న జవాబే రావాలని అతనికీ కోరిక ఉంటుంది. అందుకే కోరికకు లొంగని పద్ధతి ఒకటి పెట్టుకుంటాడు.

కౌంటీ ఆటల్లో అధికారికంగా ఇద్దరు స్కోరర్లు ఉంటారు, జట్టుకు ఒకరు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని మాటిమాటికీ లెక్కలు సరిచూసుకుంటారు. అంపైరు చేతితో సైగ చేస్తే, తాము చూశామని స్కోరర్లు తిరిగి సైగ చేయాలి. వారు బదులు ఇచ్చేదాకా అంపైరు ఆటను సాగనివ్వడు. “చెప్పాను” అనుకుంటే సరిపోదు, “అందింది” అన్న కబురు తిరిగి రావాలి. కంప్యూటర్లు ఒకదానికొకటి కబురు పంపుకునేటప్పుడూ తరచు ఈ పద్ధతే పాటిస్తాయి.

ముందు చూపు, తర్వాత చప్పుడు

ఇప్పుడు అభిమాని కూర్చున్న చోటికి వెళ్దాం. అతను పిచ్‌కు 75 మీటర్ల దూరంలో ఉన్నాడనుకుందాం. బ్యాటు బంతిని కొట్టడం కనిపిస్తుంది. ‘టక్’ అనే చప్పుడు ఆ తర్వాత వినిపిస్తుంది. ఎందుకు? కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. 75ను 340తో భాగించండి. సుమారు 0.22 సెకను. అంత ఆలస్యం అన్నమాట!

మైదానానికి రాలేని అభిమానుల సంగతి? 1922లో హాంప్‌షైర్ వారి సొంత ఊరు సౌతాంప్టన్ బర్మింగ్‌హామ్‌కు సుమారు 175 కిలోమీటర్లు. అప్పటికి బి.బి.సి. రేడియో రాలేదు. బి.బి.సి. ప్రసారాలు మొదలయింది ఆ ఏడాది నవంబరులో. ఆ రోజుల్లో స్కోర్లు టెలిగ్రాఫ్ తీగల మీద పత్రికల ఆఫీసులకు చేరేవి. అక్కడా చుక్కలూ గీతల భాషే! విద్యుత్ సంకేతం క్షణంలో పోతుంది. కాని అది అచ్చయి, సాయంత్రం పత్రికగా చేతికి రావడానికి గంటలు పట్టేది.

1927 మే 14న లేటన్ మైదానంలో ఎసెక్స్ కౌంటీ న్యూజిలాండ్ జట్టుతో ఆడింది. ఆ ఆట మీద బి.బి.సి. రేడియోలో వ్యాఖ్యానం ప్రసారమయింది. రేడియో తరంగాలదీ కాంతి వేగమే. ఇందులో ఒక తమాషా ఉంది. వికెట్ల పక్కన మైకు పెట్టి, ఆ చప్పుడును నేరుగా ప్రసారం చేశామనుకోండి. 175 కిలోమీటర్లు పోవడానికి రేడియో తరంగానికి 0.0006 సెకను చాలు. అంటే సౌతాంప్టన్‌లో ఇంట్లో రేడియో దగ్గర కూర్చున్న అభిమాని, మైదానం అంచున కూర్చున్న అభిమాని కంటే ముందే ఆ ‘టక్’ వింటాడు!

ఈనాడు ఫోనులోనే ఆట చూడవచ్చు. 2022 సెప్టెంబరులో మన హైదరాబాదు బౌలరు మహమ్మద్ సిరాజ్ ఇదే ఎడ్జ్‌బాస్టన్‌లో వార్విక్‌షైర్ తరఫున తొలి ఆట ఆడాడు. సోమర్సెట్ మీద మొదటి ఇన్నింగ్స్‌లో 82 పరుగులిచ్చి 5 వికెట్లు తీశాడు. హైదరాబాదులో ఉన్నవారు ఆ స్కోరును బంతి బంతికీ తెలుసుకోగలిగారు. అయితే ఫోనులో వచ్చే బొమ్మను ముందు అంకెలుగా మార్చాలి, ముక్కలుగా పంపాలి, మళ్ళీ పేర్చాలి. అందుకని అది చాలాసార్లు కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుంది. మైదానంలో కూర్చుని ఫోను చూసేవాడికి ఎదుట వికెట్ పడిపోయి ఉంటుంది, ఫోనులో బౌలరు ఇంకా పరుగెత్తుతూ ఉంటాడు!

అంకె ఒక్కటే చాలదు

ఒక జట్టు 477 చేసింది. రెండో జట్టు 42కీ, తర్వాత 87కీ ఆలౌటయింది. రెండో జట్టుకు ఆట రాదని వెంటనే అనేస్తారు. ఆగండి!

ఇది 1975లో బక్స్‌టన్ ఊళ్ళో జరిగిన ఆట. లంకాషైర్, డెర్బీషైర్ తలపడ్డాయి. (మన అజహరుద్దీన్ 1991లో ఆడింది ఈ డెర్బీషైర్ తరఫునే.) మే 31, శనివారం. లంకాషైర్ 5 వికెట్లకు 477 చేసింది. క్లైవ్ లాయిడ్ 167 పరుగులతో నాటౌట్. జూన్ 2, సోమవారం వచ్చేసరికి మైదానమంతా మంచు! జూన్ నెలలో మంచు కురిసి ఆట ఆగిపోయింది. బక్స్‌టన్ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయినకొద్దీ, కిలోమీటరుకు సగటున 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. ఆనాడు ఉత్తరం నుంచి వచ్చిన చలిగాలికి ఈ ఎత్తు కూడా తోడయింది.

ఆ రోజుల్లో కౌంటీ పిచ్‌లను పూర్తిగా కప్పి ఉంచేవారు కాదు. కరిగిన మంచుతో పిచ్ తడిసింది. తడి మట్టి పైన ఆరి, లోపల మెత్తగా ఉంటే బంతి ఒకచోట దిగబడి ఆగివస్తుంది, ఇంకోచోట గుభాలున లేస్తుంది. అంపైరు డికీ బర్డ్ తర్వాత ఒక ముచ్చట చెప్పేవాడు. బ్యాటింగుకు వచ్చిన హార్వే-వాకర్ తన కట్టుడు పళ్ళు తీసి, రుమాల్లో చుట్టి, దాచమని ఆయన చేతికిచ్చాడట! మంగళవారం డెర్బీషైర్ కథ ముగిసింది. ఇన్నింగ్స్, 348 పరుగుల తేడాతో లంకాషైర్ గెలిచింది.

కనుక తెలివైన అభిమాని తన పుస్తకం అంచున వాతావరణం కూడా రాసుకుంటాడు. “ఉప్పు ఇంత కరిగింది” అని రాసి, నీటి ఉష్ణోగ్రత రాయకపోతే మీ ప్రయోగానికి మార్కులు రావు గదా! ఇదీ అంతే.

ఆట అయిపోలేదు

15కే ఆలౌటయిన హాంప్‌షైర్‌ను మరిచిపోయారా? 208 పరుగులు వెనుకబడ్డారు కాబట్టి వాళ్ళను వెంటనే మళ్ళీ బ్యాటింగుకు దింపారు. 274 పరుగులకు 8 వికెట్లు పడ్డాయి. ఇక అయిపోయిందని ఎవరైనా అనుకుంటారు. కాని జార్జ్ బ్రౌన్, వికెట్‌కీపరు లివ్సీ కలిసి తొమ్మిదో వికెట్‌కు 177 పరుగులు చేర్చారు. చివరి జోడీ లివ్సీ, బోయిస్ మరో 70 చేర్చారు. 274, 177, 70 కూడండి. 521! బ్రౌన్ 172 చేశాడు. మొదటిసారి సున్నాకు ఔటయిన లివ్సీ ఈసారి 110తో నాటౌట్. వార్విక్‌షైర్‌కు 314 కావలసి వచ్చింది. 158కే ముగిసింది. 155 పరుగుల తేడాతో హాంప్‌షైర్ గెలిచింది!

15 దగ్గర విసుగుపుట్టి పుస్తకం మూసేసిన అభిమాని ఎవరైనా ఉంటే, ఎంత గొప్ప సంగతి పోగొట్టుకున్నాడో ఆలోచించండి. ఫలితాన్ని ముందే నిర్ణయించుకున్నవాడికి ఎదురుగా జరిగేది కనిపించదు. ప్రయోగమయినా, ఆటయినా చివరి బంతిదాకా పెన్సిలు కింద పెట్టకూడదు.

మీరు చేయండి

1. ఈసారి మీ బడి ఆటకు ఇద్దరు స్నేహితులు విడివిడిగా స్కోరు రాయండి. ప్రతి ఓవరుకూ సరిచూసుకోండి. తేడా వస్తే ‘సర్దేయకండి’, కారణం వెతకండి.

2. ఒకరు బ్యాటుతో బంతిని కొడుతుంటే 100 మీటర్ల దూరం నుంచి చూడండి. చూపుకూ చప్పుడుకూ మధ్య ఎంత తేడా ఉండాలో ముందే లెక్క కట్టండి.

3. ఒక స్కోరు పుస్తకంలో బ్యాట్స్‌మన్ల పరుగులు 94, బైలు 3, లెగ్‌బైలు 2. బౌలర్లు ఇచ్చిన పరుగులు 96. వైడ్లు, నోబాల్‌లు లేవు. లెక్క సరిపోయిందా? లేకపోతే తప్పు ఎలా జరిగి ఉండవచ్చు? మీ సైన్సు మాస్టారితో చర్చించండి.