నడుము నొప్పి - మంచమును, మాత్రలును



మన కర్నూలు, కడప జిల్లాలలో నడుము పట్టిన పెద్దవానికి ఇంటివారు చేయు ఉపచారములు రెండు. నులక మంచముపై పరుండబెట్టి నెలల తరబడి లేవనీయకుండుట ఒకటి. పట్టణమునుండి బలమునకు మాత్రలు, పొడి డబ్బాలు తెప్పించుట రెండవది. వేరుసెనగ లమ్మిన సొమ్ము ఆ డబ్బాల పాలగుట నేను పలుమారు చూచితిని. మొదటి ఉపచారము రెండవదానిని వ్యర్థము చేయుచున్నదని నా మనవి.

వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు 23 కలవు. వైద్యులు వీనిని డిస్కులందురు. పెరిగిన మనుష్యునిలో ఈ బిళ్ళల లోభాగమునకు రక్తనాళములు లేవు. ప్రక్క పూసలనుండి ఊటగా దిగు రసమే వీని ఆహారము. పూర్వము కపిల తోలినవారికి దీనిని విప్పి చెప్ప నక్కరలేదు. బావి నిండుగ నున్నను, ఎడ్లు ముందునకు వెనుకకు నడిచిన గాని చేనికి నీరెక్కదు. మనము నడచునపుడు బిళ్ళ నొక్కుకొని కొంత నీరు విడుచును. బరువు తొలగినపుడు మరల పీల్చుకొనును. రాత్రి ఇట్లు ఉబ్బుటచేతనే ఉదయమున మనము సాయంకాలముకన్న ఇంచుమించు ఒక సెంటీమీటరు పొడవుగ నుందుము. కావుననే లేచిన వెంటనే వంగి నీళ్ళబిందె నెత్తరాదు.

రాత్రి నిద్ర మేలే. నెలల శయ్యవలన మాత్రము వెన్నును నిలుపు కండరములు క్షీణించును, బిళ్ళయు సత్తువ తప్పును. వార్ధక్యము, వంశలక్షణము కూడ కారణములే, కాదనను. 1986లో అమెరికాలో నడుము నొప్పి రోగులలో కొందరికి 2 దినములు, కొందరికి 7 దినములు విశ్రాంతి విధించి చూచిరి. తక్కువ పరుండినవారికి నొప్పి యెక్కువ కాలేదు సరిగదా, పనికి ముందుగా మరలిరి.

ఇక మాత్రలు. గ్లూకోసమైనును నార్వేలో 250 మంది రోగులపై పరీక్షించి 2010లో ఫలితము ప్రకటించిరి. సగముమందికి దినమునకు 1500 మిల్లీగ్రాముల చొప్పున 6 నెలలు మందు, తక్కినవారికి మందులేని ఉత్తి మాత్రలు. బాధ తగ్గుటలో భేదము కానరాలేదు. ఇది తరచుగా రొయ్యల, పీతల పెంకులనుండి తీయబడునని శాకాహార నియమము గలవారు ఎరుగుదురు గాక. డి విటమిను కొరత రక్తపరీక్షలో తేలినవారు వైద్యుడు చెప్పినట్లు దానిని పుచ్చుకొనవలసినదే. అది యెముకల కొరకు. ఎముకలకు వలయు సున్నమన్ననో, 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కలదు. సంగటి మనకు క్రొత్తది కాదు.

నొప్పి కొంత తగ్గగానే ఇంటినుండి రచ్చకట్ట దాక, మరి నాలుగు దినములకు చెరువుకట్ట దాక నడువుడు. అయితే కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినను, మూత్రము బిగిసినను, అదుపు తప్పినను, జ్వరము తోడైనను నడకతో కాలము పుచ్చరాదు; ఆ దినమే కర్నూలుకో కడపకో పెద్దాసుపత్రికి పోవలయును.