ఎర్ర దీపం ఊపే ఇనుప మనిషి

రైలు గేటు పడిందంటే విసుక్కోని వారుండరు. బండి ఎప్పుడు పోతుందా, గేటు ఎప్పుడు లేస్తుందా అని ఎదురుచూడటమే తప్ప, అక్కడ ఏ దీపం ఉంది, ఏ గంట మోగుతోంది అని పరికించే వారు అరుదు. అమెరికాలో మాత్రం కొందరికి అదే ధ్యాస. రోడ్డు పట్టాలను దాటే చోట పాతకాలపు వింత సిగ్నళ్లు ఇంకా ఎక్కడైనా మిగిలాయా అని వారు వెతుకుతుంటారు. అదీ గడప దాటకుండా, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని.

ఈ వెతుకులాటకు సాధనం గూగుల్ వారి స్ట్రీట్ వ్యూ. కారు పైన కెమెరా బిగించి, రోడ్ల వెంట తిప్పి, నలుదిక్కులా ఫొటోలు తీసి వాటిని మ్యాపుకు జోడించారు. 2007 మే నెలలో అమెరికాలోని అయిదు నగరాలతో ఇది మొదలైంది. మ్యాపుపై ఉండే పసుపు రంగు మనిషి బొమ్మను తెచ్చి ఏదైనా రోడ్డు మీద వదిలితే చాలు, అక్కడ నిలబడి చూసినట్టే ఉంటుంది. మనుషుల ముఖాలు, బండ్ల నెంబర్లు మసకగా కనిపిస్తాయి. సిగ్నల్ స్తంభాలకు ఆ మసక లేదు.

పద్ధతి తేలికే గాని ఓపిక కావాలి. మ్యాపులో రైలు మార్గం వెంట పోతూ, రోడ్డు అడ్డం వచ్చిన ప్రతి చోటా బొమ్మను దింపి చూడాలి. అమెరికాలో ఇలాంటి లెవెల్ క్రాసింగులు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. ఒక్కోదానికి ఆరు అంకెలు, ఒక అక్షరం కలిసిన నెంబరు ఉంటుంది. ఆ జాబితాను అక్కడి ప్రభుత్వమే అందరికీ అందుబాటులో ఉంచింది. సిగ్నల్ ఉన్న చోట్ల చాలావరకు ఒకటే తీరు. గుణకారం గుర్తులా రెండు తెల్ల పలకలు, వాటి కింద ఒకటి మార్చి ఒకటి వెలిగే రెండు ఎర్ర దీపాలు. వంద చూస్తే వందా అలాగే ఉంటాయి. నూటొకటో చోట ఏదో తేడా కనిపిస్తుంది. ఆ తేడా కోసమే ఇంత శ్రమ.

కాపలాదారుకు బదులు యంత్రం

వారు ఎక్కువగా వెతికేది 'విగ్‌వాగ్' అనే సిగ్నల్‌ను. మోటారు కార్లు పెరుగుతున్న తొలిరోజుల్లో రద్దీ ఉన్న క్రాసింగుల వద్ద కాపలాదారు రోడ్డు మీద నిలబడి ఎర్ర లాంతరును అటూ ఇటూ ఊపేవాడు. అన్ని చోట్లా మనిషిని పెట్టడం సాధ్యం కాలేదు. దక్షిణ కాలిఫోర్నియాలోని పసిఫిక్ ఎలక్ట్రిక్ రైల్వేలో ఇంజనీరుగా ఉన్న ఆల్బర్ట్ హంట్ 1909లో దీనికి ఉపాయం కనిపెట్టాడు. ఒక గుండ్రటి పళ్లెం, దాని నడుమ ఎర్ర దీపం. రైలు వస్తుంటే విద్యుదయస్కాంతాలు ఆ పళ్లెం కడ్డీని ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతాయి. పళ్లెం గోడగడియారం లోలకంలా ఊగుతుంది, తోడుగా గంట మోగుతుంది. దూరం నుంచి చూసేవారికి మనిషి లాంతరు ఊపుతున్నట్టే ఉంటుంది. దీన్ని తయారుచేసిన కంపెనీ కూడా 'అయస్కాంత జెండా మనిషి' అనే అర్థం వచ్చే పేరే పెట్టింది.

మరో వింత గ్రిస్‌వోల్డ్ కంపెనీ సిగ్నల్. మామూలు వేళల్లో 'ఆగుము' అన్న పలక రోడ్డుకు పక్కవాటుగా, కనబడకుండా ఉంటుంది. బండి వస్తుంటే స్తంభం మీదే గిర్రున తిరిగి వాహనాలకు ఎదురుగా నిలుస్తుంది.

రైలు వస్తున్నదని యంత్రానికి ఎలా తెలుస్తుంది? రెండు పట్టాల్లో స్వల్పంగా కరెంటు పారిస్తారు. రైలు చక్రాలు ఎక్కగానే కరెంటు ఒక పట్టా నుంచి మరో పట్టాకు దారి మళ్లుతుంది. అవతల కాపు కాసే పరికరానికి కరెంటు అందదు, వెంటనే సిగ్నల్ పనిచేస్తుంది. తీగ తెగినా కరెంటు ఆగుతుంది కాబట్టి అప్పుడూ 'ప్రమాదం' అనే చూపిస్తుంది. అమెరికా ఇంజనీరు విలియం రాబిన్సన్ 1872లో పేటెంటు పొందిన విధానమిది.

స్తంభం పోయినా ఫొటో ఉంది

విగ్‌వాగ్‌ల తయారీ 1949లోనూ, విడిభాగాల తయారీ 1960లోనూ నిలిచిపోయాయి. ఒకటి చెడితే మరొకదాని భాగాలు తీసి బిగించుకోవలసిన స్థితి. క్రమంగా వాటి స్థానంలో జంట దీపాలు వచ్చాయి. 2014 నుంచి స్ట్రీట్ వ్యూలో పాత ఏళ్ల ఫొటోలు కూడా చూసే వీలు కలగడంతో, నేడు లేని సిగ్నల్ కూడా నాటి ఫొటోలో కనబడుతోంది. కారు నడిపినవాడు దాని కోసం వెళ్లలేదు, దారిన పోతూ తీసిందే సాక్ష్యమైంది.

మన వైపు సంగతి

మన దేశంలో స్ట్రీట్ వ్యూ 2022 జులైలో హైదరాబాద్ సహా పది నగరాలతో మొదలైంది. ఈలోగానే పల్లెల్లోని పాత గేట్లు ఎన్నో రూపు మారాయి. అందుకు కారణాల్లో ఒకటి మెదక్ జిల్లా వారికి చెప్పనక్కర లేదు. 2014 జులై 24న మాసాయిపేట వద్ద కాపలా లేని క్రాసింగులో స్కూలు బస్సును ప్యాసింజరు రైలు ఢీకొని పదిమందికి పైగా పసిపిల్లలు కన్నుమూశారు. అక్కడ ఊగే పళ్లెం లేదు, వెలిగే దీపం లేదు, మనిషీ లేడు. 2019 జనవరి 31 నాటికి బ్రాడ్‌గేజి మార్గాల్లో కాపలా లేని గేట్లన్నిటినీ ఎత్తివేశారు. కొన్నింటిని మూశారు, కొన్నిచోట్ల పట్టాల కింద దారి తవ్వారు, కొన్నిటికి గేటుమన్‌ను పెట్టారు.

మన గేట్లకూ చదవదగ్గ గుర్తులున్నాయి. గేటుకు కొంత దూరంలో పట్టాల పక్కన 'డబ్ల్యు/ఎల్' అని రాసిన పసుపు బోర్డు డ్రైవరుకు కూత వేయమని చెప్పేది. సిగ్నల్‌తో ముడిపెట్టిన గేటయితే అది పూర్తిగా పడి తాళం పడితే తప్ప రైలుకు దారి ఇవ్వదు. గేటు పడినా బండి ఇంకా రాలేదేమని తిట్టుకునే వారు ఈ సంగతి తెలుసుకోవాలి. కాపలా లేని క్రాసింగు ఎదురైతే బండి ఆపి, క్లీనరో మరొకరో పట్టాల దాకా నడిచి వెళ్లి రెండు వైపులా చూసి రావాలని, ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూడాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

లాంతరు ఊపిన కాపలాదారు నుంచి జంట దీపాల దాకా సిగ్నల్ ఎన్ని వేషాలు మార్చినా, అది చెప్పే మాట ఒక్కటే: ఆగు. పడిన గేటు కింద నుంచి మోటారు సైకిల్ వంచి తోసుకుపోయే వాడిని ఆపగల యంత్రాన్ని మాత్రం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.