గుండెకు రక్ష, అరచేతికి మంట

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలను నడిపిన అమెరికా లెడర్లీ సంస్థలో తయారైన అమినోప్టెరిన్‌తో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు చికిత్స చేసి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు 1948లో ప్రకటించడంతో కీమోథెరపీకి గట్టి పునాది పడింది. అయితే వేగంగా విభజన చెందే కణాలను చంపే ఇటువంటి మందులు క్యాన్సర్ కణాలతోపాటు వెంట్రుకల కుదుళ్లను, నోటి పొరను, ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తాయి. ఎర్రటి ద్రవంగా సిరలోకి ఎక్కించే డాక్సోరూబిసిన్ అంతటితో ఆగక గుండె కండరాన్ని సైతం బలహీనపరుస్తుంది కనుక, రోగి శరీరంలోకి మొత్తం ఎంత మందు వెళ్లిందో వైద్యులు మొదటి నుంచీ లెక్క కట్టుకుంటూ ఉండాలి.

ఈ హానిని తగ్గించడానికి వచ్చినవే నానో వాహకాలు. మీటరులో వందకోట్లవ వంతు నానోమీటరు. అడ్డకొలత సుమారు వంద నానోమీటర్లు ఉండే, అంటే తలవెంట్రుక మందంలో దాదాపు వెయ్యోవంతు ఉండే కొవ్వు పొర బుడగను లైపోజోమ్ అంటారు. దాని లోపల అమోనియం సల్ఫేట్ ద్రావణాన్ని నింపితే డాక్సోరూబిసిన్ లోనికి చేరి స్ఫటికాలుగా గట్టిపడుతుంది. పైన పాలిథిలీన్ గ్లైకాల్ అనే పదార్థపు పూత ఉండటంవల్ల కాలేయం, ప్లీహంలోని రక్షక కణాలు దానిని వెంటనే పట్టుకోలేవు. గుండెలోని రక్తనాళాల గోడలు బిగువుగా ఉండి ఇంత పెద్ద రేణువును సులభంగా బయటికి పోనివ్వవు. కణితిలో తొందరపాటుగా పెరిగిన నాళాలకు మాత్రం సందులుంటాయని, వాటి గుండా పెద్ద అణువులు కారి అక్కడే నిలుస్తాయని జపాన్ శాస్త్రవేత్తలు మాత్సుమురా, మయేదా 1986లో చూపారు. లైపోజోమ్‌లో నింపిన ఈ డాక్సోరూబిసిన్‌కు డాక్సిల్ పేరుతో 1995లో అమెరికాలో అనుమతి లభించింది.

దీనిని మహిమగా భావించరాదు. అప్పటికి పదేళ్లలో వెలువడిన ప్రయోగ ఫలితాలను 2016లో క్రోడీకరించి చూస్తే, జంతువులకు ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరినవి సగానికి పైగా ప్రయోగాల్లో ఒక శాతం కూడా లేవు. పైగా రక్తంలో ఎక్కువ కాలం తిరిగే ఈ బుడగలు, రాపిడికీ వేడికీ గురయ్యే అరచేతుల్లో, అరికాళ్లలో మందును వదులుతాయి. అక్కడ చర్మం ఎర్రబడి, మండి, ఒక్కోసారి బొబ్బలెక్కి ఊడిపోతుంది. అండాశయ క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్షల్లో సుమారు సగం మందికి ఈ బాధ కలిగింది.

వినుకొండ ప్రాంతంలో మిరపకోతకు వెళ్లే, కల్లంలో కూర్చుని తొడిమలు తీసి తాలుకాయలు ఏరే స్త్రీకి అరచేయే జీవనాధారం. ఒలిచిన చర్మానికి మిరప ఘాటు తగిలితే ఆ బాధ వర్ణనాతీతం. అందువల్ల అటువంటి స్త్రీకి ఈ మందు ఇచ్చే ముందు గుండె పరీక్షతోపాటు ఆమె చేసే పని ఏమిటో అడగడం కూడా వైద్యంలో భాగమే కావాలి. వేడినీళ్లకు, బిగుతు చెప్పులకు, చేతిని రాపిడి పెట్టే పనికి కొన్నాళ్లు దూరంగా ఉండాలని, చర్మం ఎర్రబడగానే తెలియజేయాలని ముందుగా చెబితే, తరువాతి మోతాదును వాయిదా వేయడానికో తగ్గించడానికో వైద్యునికి వ్యవధి దొరుకుతుంది.